గాలి రూల్స్‌లో ‘మక్సద్’ బహస్ దేనికి?

ఎఫ్ఆర్‌సీ రోబోటిక్స్ సీజన్ వస్తే చాలు, ఒకటే దలీల్: “రూల్ మక్సద్ పిల్లల హిఫాజత్. మా మార్పుతో ఖతరా లేదు. కాబట్టి ఇజాజత్ ఉన్నట్టే.” వినడానికి ఖూబ్. కానీ గలత్.

ట్యాంకులో గాలి 120 పీఎస్ఐ దాటకూడదు. సిలిండర్‌కి చేరేసరికి రెగ్యులేటర్ దాన్ని 60కి దించాలి. గాలి పరికరాల్ని మార్చడం మనా. ట్యూబ్ కోసుకోవచ్చు, ఉన్న మరలకే ఫిట్టింగ్ బిగించుకోవచ్చు, సిలిండర్‌ని ముట్టుకోకుండా మౌంటింగ్ పిన్ తీసేయొచ్చు. ఇలాంటి చిన్న మినహాయింపులు తప్ప ఇంకేమీ కుదరవు. బరువు తగ్గాలని సిలిండర్‌కి డ్రిల్ పెడితే, గాలి తగలని అంచులోనైనా సరే, ఖేల్ ఖతం.

“జుల్మ్! పిల్లల మెహనత్ పోయింది” అంటారు అబ్బాజాన్‌లు. భాయ్, తనిఖీ చేసే వలంటీర్ దగ్గర ల్యాబ్ ఉందా? మీ బేటీ నియ్యత్ ఏ గేజ్‌లో కనిపిస్తుంది? పైగా మక్సద్ బహస్‌కి తలుపు తీస్తే గెలిచేది ఇంజనీర్ మెంటర్లున్న టీమే, గరీబ్ స్కూల్ పిల్లలు కాదు.

రాసినదానికి రాసినంతే అర్థం, ఉద్దేశాలు ఊహించుకోవద్దని మాన్యువలే చెబుతోంది. ఇది ఇన్‌స్పెక్టర్‌కీ వర్తిస్తుంది! కంపెనీలో సీలై వచ్చిన గ్యాస్ షాక్ ఈ రూల్స్ లెక్కలోకి రాదు. “గాలి ఉందిగా” అని ఆయన ఆపితే అదబ్‌తో పేజీ తెరిచి చూపించాలి, అక్కడ బహస్ హక్. నిజంగా షక్ ఉంటే అధికారిక సవాల్-జవాబ్‌లో ముందే అడగాలి, పోటీ రోజు పొద్దున క్యూలో నిలబడి కాదు.