ట్రెడిల్ తుక్కుకు పోకముందే

లెటర్‌ప్రెస్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేత ముందుగా ఏం అచ్చు వేయించాలి? పాతకాలపు అచ్చాఫీసులో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. కొత్తగా చేరిన కుర్రాడు నేల ఊడ్చేవాడు, వాడేసిన టైపును కిరసనాయిలుతో కడిగేవాడు, కేసులో ఏ గడిలో ఏ అక్షరం ఉంటుందో కంఠతా పట్టేవాడు. అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్కు చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోయేవి. ఇప్పుడు అమెరికాలోనో బ్రిటన్‌లోనో శనివారం పొద్దున వచ్చి సాయంత్రానికి ఇంటికెళ్లే విద్యార్థికి అంత ఓపికా లేదు, తీరికా లేదు. అందుకని అక్కడి వర్క్‌షాపులు చాలావరకు పోస్టరుతోనే మొదలుపెడతాయి. నాలుగైదు మాటలు, అరచెయ్యంత చెక్క అక్షరాలు, ఒకటో రెండో రంగులు, అంతే.

ఇది పాఠం కాదు, కాలక్షేపం అని పెదవి విరిచేవాళ్లు లేకపోలేదు. కానీ అచ్చుపని మొదలుపెట్టడానికి పోస్టరును మించింది దొరకడం కష్టం. తెలుగు అక్షరాల విషయంలో అయితే మరీను.

పుస్తకం పేజీలో తప్పు నక్కి కూర్చుంటుంది. పోస్టరులో దానికి చోటు లేదు. 'చెరువు పూడ్చొద్దు' అన్న రెండు మాటల్నే తీసుకుందాం. అచ్చు అక్షరాలన్నీ అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు బి, డి, పి, క్యూలు తారుమారవుతాయి. తెలుగులో ఆ పేచీ ప, వ, ఫ, షలతో వస్తుంది. తొందరలో 'వు' ఉండాల్సిన చోట 'పు' పడిందా, చెరువు కాస్తా చెరుపు అవుతుంది. పక్కనున్నవాడు ఫక్కున నవ్వుతాడు. ఇక ఆ తప్పు జన్మలో చెయ్యరు.

అసలు తంటా రెండో మాటలో ఉంది. పై వరుసలో మూడక్షరాలూ బుద్ధిగా ఒకే గీత మీద నిలబడతాయి. కింది వరుసలో 'డ్చొ', 'ద్దు' వత్తుల్ని వేలాడేసుకుని వస్తాయి. అడుగున తేదీ, చోటు చెప్పే చిన్న వరుస ఏదైనా పెట్టాలంటే ఈ వత్తులకు దారి వదలాలి. వదిలితే 'పూ' కింద వెలితి. కంప్యూటర్‌లో అయితే మౌస్‌తో వరుసను కాస్త కిందికి లాగేసి ఊరుకుంటారు. ఇక్కడ ఆ ఖాళీ కూడా ఒక వస్తువే. సరిపడా చెక్కముక్క వెతకాలి, దొరక్కపోతే కొయ్యాలి, అక్షరాల మధ్య దూర్చి బిగించాలి. తెల్లగా కనిపించే ప్రతి జాగాలోనూ ఏదో ఒక ముక్క కూర్చుని ఉంటుంది. అన్నిటినీ చట్రంలో బిగించి ఫారం కట్టాక, చట్రాన్ని ఒక మూల కొద్దిగా ఎత్తి వేలితో నొక్కి చూస్తారు. ఒక్క అక్షరం కదిలినా మళ్లీ విప్పాల్సిందే.

ఎత్తు దగ్గర ఇంకో పాఠం. ఇంగ్లీషు, అమెరికన్ కొలతలో టైపు ఎత్తు 0.918 అంగుళం. నూరేళ్లు వాడిన చెక్క అక్షరం ఆ కొలతకు వెంట్రుకవాసి తగ్గుతుంది, ఆ తగ్గినచోట సిరా అందదు. అప్పుడు ఆ అక్షరం అడుగున పల్చటి కాగితం అంటించి, ఇంకో కాపీ తీసి, చాలకపోతే ఇంకో పొర అంటిస్తారు. ఒక్కో పోస్టరుకు అచ్చు వేసే సమయం కంటే ఈ సర్దుబాటుకే ఎక్కువ పడుతుంది. సిరా ఎక్కువైతే రోలరు చప్పుడు మారుతుందని, తడిగా చప్పరించినట్టు వినిపిస్తుందని పాతవాళ్లు చెవితోనే పట్టేసేవారు. ఈ చెవి వీడియో చూస్తే రాదు.

చెక్క అక్షరాలు పుట్టిందే పోస్టరు కోసం. సీసంతో పెద్ద అక్షరం పోస్తే మోయలేనంత బరువు, పైగా చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ తిరిగే రౌటర్‌తో చెక్కను చెక్కి అక్షరాలు చేయడం మొదలుపెట్టాడు, మరుసటి ఏడాదికల్లా కేటలాగు కూడా వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్‌ను జోడించాడు. నమూనా చుట్టూ ముల్లు తిప్పితే అదే ఆకారం కావలసిన సైజులో చెక్కలో తెగేది. సర్కసులు, నాటకాలు, ఎన్నికలు, పశువుల సంతలు, అన్నీ ఈ అక్షరాలతోనే గోడలెక్కాయి. 1880లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని టూ రివర్స్ అనే ఊళ్లో జేమ్స్ ఎడ్వర్డ్ హామిల్టన్ ఈ వ్యాపారంలోకి దిగాడు. పోటీదార్లను ఒక్కొక్కరినే కొనేస్తూ పోయాడు. ఇప్పుడు అదే ఊళ్లో హామిల్టన్ మ్యూజియం ఉంది, అందులో 15 లక్షల చెక్క అక్షరాలున్నాయి. చూసి పోవడానికి మాత్రమే కాదు, అక్కడికి వెళ్లినవాళ్లు వాటితో పోస్టర్లు వేసుకోవచ్చు కూడా.

ఇంతకన్నా ముచ్చటైన కథ నాష్‌విల్‌లోని హ్యాచ్ షో ప్రింట్‌ది. 1879లో చార్లెస్, హెర్బర్ట్ హ్యాచ్ అనే అన్నదమ్ములు పెట్టిన అచ్చాఫీసు అది. చార్లెస్ కొడుకు విల్ హ్యాచ్ చెక్క మీద బొమ్మలు చెక్కడంలో దిట్ట. ఆ ఊరి సంగీతం వాళ్ల పోస్టర్లు ఒక కాలంలో చాలావరకు అక్కడివే. ఆఫ్‌సెట్ వచ్చాక మూతపడటానికి సిద్ధంగా ఉన్న ఆ చోటికి 1984లో జిమ్ షెరాడెన్ మేనేజరుగా వచ్చాడు. పాత అక్షరాల్ని అద్దాల బీరువాల్లో పెట్టలేదు, రోజూ వాడుకున్నాడు. వాడకమే సంరక్షణ అన్నది ఆయన పట్టిన సూత్రం. ఇవాళ ఆ ప్రెస్సు కంట్రీ మ్యూజిక్ మ్యూజియం గూటిలో ఉంది, కచేరీలకు పోస్టర్ల ఆర్డర్లు ఇప్పటికీ తీసుకుంటుంది, టిక్కెట్టు కొన్న యాత్రికుల చేత కూడా అచ్చు వేయిస్తుంది.

బాల్టిమోర్‌లోని గ్లోబ్ పోస్టర్ కథ తెలుగు కాలేజీల యాజమాన్యాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది. 1929లో మొదలైన ఆ ప్రెస్సు జేమ్స్ బ్రౌన్, ఓటిస్ రెడింగ్ వంటి గాయకులకు కళ్లు మిరుమిట్లు గొలిపే ఫ్లోరసెంట్ రంగుల్లో పోస్టర్లు వేసేది. 2010లో మూతపడింది. ముక్కలు ముక్కలుగా వేలానికి పోవాల్సిన సరుకును మరుసటి ఏడాది ఆ ఊరి మేరీల్యాండ్ ఆర్ట్ కాలేజీ కొనుగోలు చేసింది. అక్షరాలు, బ్లాకులతోపాటు మనిషిని కూడా తెచ్చుకోవడం ఆ కాలేజీ చేసిన తెలివైన పని. గ్లోబ్‌ను నడిపిన కుటుంబానికి చెందిన బాబ్ సిసెరో అక్కడే విద్యార్థులకు పాఠం చెప్పాడు. పరికరం కొని గురువును వదిలేస్తే మిగిలేది ఇనుప సామాను.

నేర్చుకోవడానికి వయసు అడ్డు కాదనడానికి ఏమస్ కెనెడీ ఉన్నాడు. ఏటీ అండ్ టీ కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రామర్. నలభయ్యో పడి దగ్గర పడుతుండగా పిల్లలతో కలిసి వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ చూడబోయి, పద్దెనిమిదో శతాబ్దపు అచ్చాఫీసును ఎలా నడిపేవారో చూపించే ప్రదర్శన దగ్గర ఆగిపోయాడు. షికాగోలో క్లాసులో చేరాడు, ఉద్యోగం వదిలాడు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఈ విద్యలోనే పట్టా తీసుకున్నాడు. కొన్నాళ్లు ప్రొఫెసరుగా చేసి అదీ వదిలి, అలబామా పల్లెల్లో ప్రెస్సు పెట్టాడు. తర్వాత డెట్రాయిట్ చేరాడు. నల్లజాతివారి సామెతలు, పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ వంటివారి మాటలు, జాతి వివక్ష మీద సూటి ప్రశ్నలు, ఇవన్నీ చవకరకం అట్టమీద ఒక రంగుపై ఇంకో రంగు దట్టించి అచ్చు వేస్తాడు. గ్యాలరీ ధర పెట్టకుండా మామూలు మనిషి కొనగల ధరకే అమ్ముతాడు. చేతిపని అనగానే ధర పదింతలు చేసే వ్యాపారం చుట్టూరా సాగుతుంటే, పోస్టరును మళ్లీ గోడకే అప్పజెప్పినవాడు ఆయన.

అందరికీ అబ్బే విద్య కాదన్నదీ నిజమే. 1904లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర ఫీనిక్స్ ఆశ్రమానికి 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక ప్రెస్సును తరలించినప్పుడు, అక్కడ ఉండేవాళ్లంతా టైపు కంపోజ్ చేయడం నేర్చుకోవాలని గాంధీ నియమం పెట్టాడు. ఆయన బంధువు మగన్‌లాల్ గాంధీ అందర్నీ మించిపోయాడు. తాను మాత్రం చివరిదాకా మొద్దుగానే మిగిలానని గాంధీ తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అక్కడ అచ్చువేసిన తొలి సంచిక రాత్రే ఆయిల్ ఇంజను మొరాయిస్తే అందరూ వంతులవారీగా చేత్తో చక్రం తిప్పి పత్రిక బయటికి తెచ్చారు. ఆ చక్రం దగ్గర మాత్రం గాంధీ వెనకబడలేదు.

ఇక తెలుగు. ఈ లిపి అచ్చులోకి వచ్చిందే దూరదేశంలో. 1740లలో జర్మనీలోని హాలేలో బెంజమిన్ షుల్జ్ అనే క్రైస్తవ మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తర్వాత మద్రాసు కేంద్రమైంది. 1854లో అక్కడ వావిళ్ల రామస్వామి శాస్త్రులు పెట్టిన ముద్రణాలయం ప్రబంధాలనూ శాస్త్రాలనూ ఇంటింటికీ చేర్చింది. ఇంగ్లీషు కంపోజిటర్‌కు ఒక కేసు చాలు, కాలిఫోర్నియా కేసు అనే రకంలో ఉండేవి 89 గడులు. తెలుగువాడికి గుణింతాలు, వత్తులు, వాటి రూపభేదాలు కలిపి వందల ముక్కలు. ఒకదాని పక్కన ఒకటిగా కేసులు పరుచుకుని, నిలువుకాళ్ల మీద, చూడకుండానే చెయ్యి పోనిచ్చేవారు. ఆ చెయ్యి సాధించడానికి ఏళ్లు పట్టేది. కొత్తవాళ్లను ఆ కేసుల ముందు నిలబెట్టి ఒక పేరా కంపోజ్ చేయమంటే మధ్యాహ్నానికే పారిపోతారు. ఆరు పెద్ద అక్షరాల పోస్టరయితే ఆ పూటలోనే సిద్ధమవుతుంది, వత్తు ఎంత జాగా తింటుందో కూడా తెలిసొస్తుంది.

పెద్ద తెలుగు అక్షరాలు ఎక్కడ దొరుకుతాయన్నది న్యాయమైన ప్రశ్నే. పాతవి దొరక్కపోతే కొత్తవి చేసుకోవచ్చు. ఇవాళ విదేశాల్లో చెక్క అక్షరాలను లేజర్, సీఎన్‌సీ మిషన్లతో కూడా కోస్తున్నారు. వడ్రంగి పనికి వాడే ఆ మిషన్లు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నాయి. అంత ఖర్చు వద్దనుకుంటే లినోలియం కోసి చెక్కకు అంటించి టైపు ఎత్తుకు తేవచ్చు. తెలుగు ఫాంట్లు గీసే యువతకు ఇది అదనపు లాభం. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించిన సన్నటి వత్తు తోక చెక్కలో కోసేటప్పుడు పుటుక్కున విరిగితే, గీత మందం ఎంత ఉండాలో వాదన లేకుండా తేలుతుంది.

కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిళ్లు ఇంకా పూర్తిగా పోలేదు. డీటీపీ, ఆఫ్‌సెట్ వచ్చాక అక్షరం పని పోయినా, బిల్లు బుక్కులకు నంబర్లు కొట్టడానికి, పర్ఫరేషన్‌కు, శుభలేఖల అట్టలకు మడత గీతలు పెట్టడానికి కొన్ని పట్టణాల్లో వాటిని నేటికీ తొక్కుతున్నారు. టైపు సంగతే దిగులు పుట్టించేది. సీసం, తగరం, ఆంటిమొనీ కలిసిన లోహం కాబట్టి కిలోల లెక్కన తూకానికి పోయింది, పోతోంది. అలాగని కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు. రోజంతా మసక వెలుతురులో నిలబడి, కళ్లు పాడుచేసుకుని, అరకొర జీతానికి పనిచేసిన కంపోజిటర్లలో చాలామంది తమ పిల్లలు ఆ పనిలోకి రాకూడదనే కోరుకున్నారు. వాళ్ల కష్టాన్ని ఇప్పుడు అందమైన జ్ఞాపకంగా ఫ్రేము కట్టడం అన్యాయం. సీసంతో ప్రమాదం కూడా ఉంది. ముట్టుకున్న చేతులతో తినకూడదు, టైపు కరిగించే పని తరగతి గదిలో పెట్టకూడదు. చెక్క, లినో అక్షరాలతో మొదలుపెడితే ఆ బెడద చాలామటుకు తప్పుతుంది.

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ శాఖ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్ఐడీ, ఇలాంటి చోట్ల అచ్చు గది అన్నది పాఠ్యప్రణాళికలో భాగం కావాలి. అది మ్యూజియం మూల కాకూడదు, మొదటి సంవత్సరం విద్యార్థులు సిరా పూసుకునే గది కావాలి. ఒక ట్రెడిల్, ఒక ప్రూఫు ప్రెస్సు, రెండు సైజుల పెద్ద అక్షరాలు చాలు. ట్రెడిల్‌లో వేళ్లు పడితే నలుగుతాయి కాబట్టి కొత్తవాళ్లు ప్రూఫు ప్రెస్సు మీదే మొదలుపెట్టాలి. డబ్బు కన్నా పెద్ద అడ్డంకి నియమాలది. పాఠం చెప్పాలంటే పీజీ ఉండాలంటారు, ముప్ఫయ్యేళ్లు ఫారాలు కట్టిన కంపోజిటర్ దగ్గర చాలాసార్లు పదో తరగతి సర్టిఫికెట్ కూడా ఉండదు. గౌరవ అధ్యాపకుడి పారితోషికం ఆయనకూ ఇచ్చే వెసులుబాటు కల్పిస్తే తప్ప ఈ గదికి తాళమే గతి.

అచ్చు గది బతకాలంటే బయటి పని కూడా రావాలి. హ్యాచ్‌కు కచేరీలున్నట్టే ఇక్కడ సురభి నాటకాలున్నాయి, పుస్తక ప్రదర్శనలున్నాయి, ఊరి గ్రంథాలయ సభలున్నాయి. ఫ్లెక్సీ మీద మొహాలు అచ్చు వేయించే ఖర్చులో పిసరంత పెడితే యాభై పోస్టర్లు వస్తాయి. ప్రదర్శన తేదీ ముంచుకొస్తుంటే, 'ళ్ళు' తక్కువ పడిందని నాటకం పేరునే మార్చమని అడగడానికి విద్యార్థి నిర్వాహకుల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. వాళ్లు ఒప్పుకోరు. అప్పుడు రాత్రికి రాత్రి ఆ అక్షరాన్ని లినోలో చెక్కుకోవాల్సిందే.