పీడన పాత్రల భద్రత: చట్టంలో మిగిలిన ఖాళీ

2022 మే 7న జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ కోక్ ప్లాంటులో గ్యాస్ పైపులైన్ పేలింది. ముప్పు బాయిలర్లకే పరిమితం కాదని కద్మా వంటి పొరుగు కాలనీలకు అది హెచ్చరిక.

చట్టం మాత్రం బాయిలర్ల చుట్టూనే పెరిగింది. 1863 నాటి కలకత్తా పేలుడు తొలి శాసనానికి దారితీసింది. 1923 చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. బాయిలరుకు డిజైన్ దశ నుంచే తనిఖీ ఉంటుంది. సంపీడిత వాయువుల నిల్వ పాత్రలకు 2016 నిబంధనలున్నాయి. ఉత్పత్తి ప్రక్రియలో భాగమైన పాత్రలను అవి మినహాయించాయి. వాటి విషయంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రధానంగా కోరింది, సురక్షిత పీడనం మించకుండా చూడాలనే.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న వృత్తి భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. రియాక్టరు గోడ మందం, వెల్డింగు, సేఫ్టీ వాల్వు సామర్థ్యాన్ని వాడకానికి ముందే స్వతంత్ర నిపుణులు సరిచూసే నిబంధన ఇప్పుడైనా రావాలి.