సెల్ఫ్ తిరగకపోతే కొత్తది కొనకండి, ముందు ఎర్త్ వైరు చూడండి



మన ఊళ్లల్లో ఇంకా అక్కడక్కడా అంబాసిడర్లు ఉన్నాయి. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయిన దగ్గర్నుంచి ఒకటే మాట: "సామాను దొరకదు, కరెంటు పని చేసేవాడు లేడు, అమ్మేయ్ అన్నా." ఈ మాట సగమే నిజం. పాత బండి కరెంటు పనిలో ఎక్కువ భాగం మనం చేసుకోగలిగిందే.

నా సంగతి చెప్తా. ఒకరోజు తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయింది. లైట్లు మాత్రం బాగానే వెలుగుతున్నాయి. టౌన్‌లో చూపిస్తే సెల్ఫ్ మోటారు, బ్యాటరీ రెండూ మార్చాలన్నారు. ఇంటికొచ్చి బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ విప్పి చూస్తే కింద అంతా తుప్పు. ఎమరీ పేపరుతో తళతళలాడేలా రుద్ది, బోల్టు బిగించా. బండి ఒక్క దెబ్బకు స్టార్ట్ అయింది.

లైట్లు వెలిగి సెల్ఫ్ ఎందుకు తిరగదు? బోరు మోటారుకు లో ఓల్టేజీ వస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? ఇదీ అంతే. 60 వాట్ల హెడ్‌లైటు 12 ఓల్టుల మీద లాగేది 5 ఆంపియర్లు. సెల్ఫ్ 150 దాకా లాగుతుంది. తుప్పు దగ్గర లైటుకు 0.1 ఓల్టు పోతే, అదే చోట సెల్ఫ్‌కి 3 ఓల్టులు పోతాయి. ఇక మిగిలిన దాంతో అది ఇంజను ఏం తిప్పుతుంది?

ఇంట్లో మల్టీమీటరు ఉంటే బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఇంజను ఇనుము మీద పెట్టి, ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. అర ఓల్టు దాటి చూపిస్తే రోగం ఎర్త్‌లోనే ఉంది. అలాంటప్పుడు కొత్త మోటారు వేసినా అదీ ఇలాగే మొండికేస్తుంది.

ఎర్త్ బాగుండి, బ్యాటరీ చార్జింగ్ కూడా సరిగా ఉండి తిరగలేదంటే అప్పుడు సెల్ఫ్ విప్పించండి. చాలాసార్లు అరిగేది కార్బన్ బ్రష్‌లు, బుష్‌లే. ఆర్మేచర్ కాలినా మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో ఒకమాట అడగండి. పాత సెల్ఫ్, పాత డైనమో మరలు విప్పి బాగుచేసుకునేట్టు చేసినవి. వాటిని ఎక్స్‌చేంజ్ కింద ఇచ్చేసి రావద్దు.

అన్నీ రిపేరే చేయమని నేను అనడం లేదు. మూడిటి దగ్గర పిసినారితనం వద్దు. ఒకటి ఫ్యూజు. అది పోతే రాగి తీగ చుట్టే అలవాటు మనకు బాగా ఉంది. ఫ్యూజు ఉన్నదే ముందు తాను కాలిపోవడానికి. దాన్ని కాలనివ్వకపోతే వైరింగ్ కాలుతుంది, పక్కనే పెట్రోలు పైపు ఉంటుంది. రెండు, పెళుసెక్కిన వైరు. టేపు చుట్టి సరిపెట్టకుండా అదే మందం వైరు కొత్తది వేయండి. మూడు, ఇండికేటరు ఫ్లాషర్. ముందు బల్బులు చూడండి, ఒక బల్బు పోయినా అది సరిగా కొట్టుకోదు. బల్బులన్నీ బాగుంటే ఫ్లాషరే మార్చేయండి. ఆ పాత ఫ్లాషర్ మీద ఎల్‌ఈడీ బల్బులు పెడితే కూడా సరిగా పనిచేయదు.

"ఈ గొడవంతా ఎందుకు, కొత్తది వేస్తే పోలా?" అని కొందరంటారు. పైరు పచ్చబడితే కారణం చూడకుండా కనబడిన మందల్లా కొడతామా? ఇదీ అంతే. రోగం తెలియకుండా మార్చిన సామాను డబ్బు తింటుంది, అర్ధరాత్రి ఇంట్లోవాళ్లను ఆస్పత్రికి తీసుకుపోవాల్సిన రోజు మళ్లీ మొరాయిస్తుంది.

కారు లేనివాళ్లు ఇది మనకెందుకు అనుకోవద్దు. ట్రాక్టరు ట్రాలీ వెనక లైటు వెలగకపోవడానికి కూడా ఎక్కువసార్లు కారణం ఈ తుప్పుపట్టిన ఎర్తే. రాత్రిపూట లైటు లేని ట్రాలీని వెనకనుంచి గుద్ది ఎంతమంది బైకుల వాళ్లు పోయారో మనం చూస్తూనే ఉన్నాం. ఈ సాయంత్రం పొలం నుంచి రాగానే పిల్లాణ్ని బ్రేకు తొక్కమని, మీరు వెనక్కెళ్లి ఒక్కసారి చూడండి. వెలగకపోతే ఎమరీ పేపరు తీయండి.