మన సంచిక పేజీలు మనమే పెట్టుకుందాం



వార్షికోత్సవం దగ్గర పడిందంటే హాస్టల్లో మూడు పనులు మొదలవుతాయి. షామియానా, సౌండు బాక్సులు, సావనీరు. మొదటి రెండింటికి పదిమంది ముందుకొస్తారు. మూడోదాన్ని మాత్రం ఒక ఫైల్లో పెట్టి, కర్నూలుకు పోయి డీటీపీ సెంటర్లో ఇచ్చి, "మీరే చూసుకోండన్నా" అని చేతులు దులుపుకుంటాం. కల్లూరు నుంచి హంద్రీ దాటితే కర్నూలు. అంత దగ్గరలో ఉండి కూడా మన పుస్తకం తయారయ్యే చోట ఒక పూట కూర్చోం. ఈ పద్ధతి మారాలన్నదే మా అభిప్రాయం.

పేజీ మీద చోటుకున్న విలువ మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. మన ఇళ్లల్లో పుస్తకాల అలమారాలు లేవు. అచ్చుకాగితమంటే రేషన్ కార్డు, ఎరువుల అంగడి క్యాలెండరు, పెళ్లిపత్రిక. ఆ పెళ్లిపత్రిక కొట్టించేటప్పుడు మన పెద్దలు ఎంత పట్టు పడతారో గుర్తు తెచ్చుకోండి. ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద, పిల్లవాడి పేరు పక్కన డిగ్రీ పడిందా లేదా, అంబేడ్కర్ గారి ఫొటో ఎక్కడ రావాలి, అన్నీ అడిగి వేయిస్తారు. బడి ముఖం చూడని అమ్మ కూడా పత్రిక చేతికి రాగానే కొడుకు పేరు ఏదో వేలు పెట్టి చూపించమంటుంది. అంత పట్టుదల మన సావనీరు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పోతుంది?

ఇక్కడ ప్రెస్సు లెక్క ఒకటి తెలుసుకోవాలి. పెద్ద కాగితానికి రెండు వైపులా పేజీలు వేసి, మడిచి, అంచులు కోసి పుస్తకం చేస్తారు. అలా మడిచిన కాగితాన్ని ఫారం అంటారు. సైజును బట్టి ఒక ఫారానికి ఎనిమిదో, పదహారో పేజీలు. అందుకే 48 పేజీల పుస్తకానికి ఇంకో రెండు కలపమంటే ప్రెస్సువాళ్లు కలపలేరు. చివరి రోజు ఫొటోలతో సహా మరో రెండు శుభాకాంక్షల సందేశాలు వచ్చాయనుకోండి. ఆ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? ఎనిమిదో తరగతి పిల్లవాడి కవిత తీసేస్తే వస్తుంది!

ఇలాంటి సంచికలు మేము చాలానే తిరగేశాం. మొదట ఆర్ట్ పేపరు మీద రంగుల్లో పెద్దల ఫొటోలు. ఆ తర్వాత పలచని కాగితం మీద, చీమల బారులాంటి అక్షరాల్లో పిల్లల రాతలు. కొన్నింటి కింద రాసినవాడి పేరు కూడా ఉండదు, "9వ తరగతి విద్యార్థి" అని ఉంటుంది. పెద్దలంటే మాకు గౌరవం లేక కాదు. చందాలు, ప్రకటనలు లేకపోతే కాగితం ఖర్చు కూడా రాదని తెలుసు. అయినా సందేశాలన్నింటికీ కలిపి నాలుగు పేజీలు చాలు. అవి కూడా చివర్లో. ముందు పేజీలు పిల్లలవి.

ఇక అక్షరాల సంగతి. తెలుగు లిపి ఇంగ్లీషులాగా ఒక గీత మీద బుద్ధిగా కూర్చోదు. పైన తలకట్టు, గుడి; కింద వత్తులు. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటల్లో రెండేసి వత్తులు. పేజీలు కలిసొస్తాయని వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస వత్తు పోయి కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. మా లెక్కన 12 పాయింట్ల అక్షరానికి వరుసకూ వరుసకూ 18 పాయింట్లయినా ఉండాలి. ఒక్క ట్యూబ్‌లైటు కింద ఇరవైమంది చదువుకునే చోట ఇది సోకు కోసం చెప్పే మాట కాదు. కవిత వెనకాల లేత రంగులో గులాబీ పువ్వో, కొండారెడ్డి బురుజో వేయడం కూడా మానుకోవాలి. బురుజు కనబడుతుంది, కవిత కనబడదు.

తెలుగులో ఈ విద్యను ప్రేమించినవారెవరంటే ముందుగా బాపు గారు (1933–2014) గుర్తొస్తారు. ఆయన చేతిరాత ఫాంటుగా మారి ఈనాటికీ పెళ్లిపత్రికల మీద కనిపిస్తోంది. ఆయన వేసిన ముఖచిత్రాలు దొరికితే బొమ్మతో పాటు బొమ్మ చుట్టూ వదిలిన ఖాళీని కూడా చూడండి. మనకేమో ఖాళీ కనిపిస్తే ప్రాణం ఒప్పదు, ఒక నెమలినో దీపాన్నో తెచ్చి పెట్టేస్తాం.

ప్రూఫులు దిద్దే ఓపిక కావాలంటే మన సీమలోనే ఒక ఉదాహరణ ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి తప్పులు దిద్దించాడు. ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలు 1829లో వచ్చాయి. మనం దిద్దాల్సింది 48 పేజీలే కదా!

"ఈ కాలంలో అచ్చెందుకు, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది కదా" అని కొందరు మిత్రులు అంటున్నారు. ఖర్చు సంగతిలో వారి మాట నిజమే. కానీ ఆ ఫోను పోతే ఆ పీడీఎఫ్ ఏమవుతుంది? అనంతపురంలో పప్పూరి రామాచార్యులు గారు 1926లో శ్రీసాధన పత్రిక మొదలుపెట్టారు. 1928 నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టిన రోజుల సంగతులు కావాలంటే పరిశోధకులు ఇలాంటి పాత సంచికలనే వెతుక్కుంటారు. అంబేడ్కర్ గారు 1920 జనవరి 31న మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు కొల్హాపూర్ సాహూ మహరాజ్ 2500 రూపాయలు ఇచ్చారు. నోరు లేనివారి నాయకుడు అన్న పేరు ఆనాడు కాగితం మీద అచ్చయింది. మన పిల్లవాడి పేరు కూడా అచ్చులో, వాళ్ల ఇంట్లో, ట్రంకు పెట్టెలో ఉండాలని మా కోరిక.

కంప్యూటరు ఫైలునూ వదలకూడదు. మన జిల్లా డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్లే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టారు కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే అంతా పిచ్చి గీతలు. ఎన్ని హాస్టళ్ల పాత సంచికలు సీడీల్లో ఇట్లా మూగబోయాయో! యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ లేదు. మండలి, రామభద్ర, పోతన, వేమన లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర బాగుంటాయని మాకు అనిపిస్తుంది. (ఇది చదివి మా డీటీపీ అన్న కోప్పడకపోతే చాలు.)

వచ్చే సంచికకు తొమ్మిది, పది తరగతుల నుంచి నలుగురు, పూర్వ విద్యార్థుల నుంచి ఇద్దరు కలిసి పేజీల కమిటీగా ఏర్పడాలి. సందేశాలకు గడువు తేదీ ముందే పెట్టి, తర్వాత వచ్చినవి నోటీసు బోర్డుకు పంపాలి. రాసిన ప్రతి పిల్లవాడూ తన ప్రూఫు తాను చూసి సంతకం చేయాలి. రాతలు ఫోనులో టైపు చేసి ఇచ్చినా సరే, నోటుబుక్కు కాగితం మీద చేత్తో రాసి ఇచ్చినా సరే. టైపు మేము చేసిపెడతాం. ఆదివారాలు కర్నూలు ప్రెస్సుకు కూడా మేమే తీసుకుపోతాం. బస్సు చార్జీలు మాత్రం ఎవరివి వాళ్లవే.