షుగర్ నార్మల్ సరే.. ట్రైగ్లిజరైడ్స్ ఎంత?

పరగడుపు షుగర్ 95. హద్దు 100 లోపే. 'అల్హందులిల్లాహ్, షుగర్ లేదు' అని ఇంట్లో అంతా ఊపిరి పీల్చుకుంటారు. కానీ దాన్ని 95 దగ్గర ఆపడానికి క్లోమగ్రంథి ఎంత ఇన్సులిన్ వదలాల్సి వస్తోందో ఆ రిపోర్టు చెప్పదు. టైప్-2 డయాబెటిస్ బయటపడటానికి కొన్నేళ్ల ముందే ఈ భారం మొదలవుతుంది. దాని పేరే ఇన్సులిన్ రెసిస్టెన్స్.

దీన్ని అంచనా వేసే హోమా-ఐఆర్ లెక్క 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. పరగడుపు షుగర్‌ను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించాలి. షుగర్ 95, ఇన్సులిన్ 18 అనుకుంటే 4.2 వస్తుంది. 2.5 దాటితేనే చాలామంది డాక్టర్లు అనుమానిస్తారు. ల్యాబులు ఇప్పుడు దీన్ని ప్యాకేజీల్లో కలిపి అమ్ముతున్నాయి. అయితే ఇన్సులిన్ అంకె ల్యాబు ల్యాబుకీ మారుతుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవారికి ఈ లెక్క కుదరదు కూడా.

అంత ఖర్చు అందరికీ అక్కర్లేదు. బీరువాలో పడున్న లిపిడ్ ప్రొఫైల్ తీస్తే చాలావరకు తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ 210, హెచ్‌డీఎల్ 35 ఉంటే, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6. మూడు దాటితేనే జాగ్రత్తపడాలి. మనవాళ్లేమో టోటల్ కొలెస్ట్రాల్ ఒక్కటే చూసి మడిచి పెట్టేస్తారు! ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అనే ఈ జోడీ దక్షిణాసియా వారిలో మామూలే, మనిషి సన్నగా ఉన్నా సరే.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్, 13.6 కోట్ల మందికి ప్రీడయాబెటిస్ ఉంది. ఈ రెండోవాళ్లలో చాలామందికి నడక, తిండిలో మార్పు, బరువు తగ్గడంతో జబ్బును వెనక్కి నెట్టే అవకాశం ఇంకా ఉంది. అబ్బాకో అమ్మీకో షుగర్ ఉన్న ఇంట్లో పాతికేళ్లు దాటిన పిల్లలు, పీసీఓడీ ఉన్న అమ్మాయిలు ఆ పాత రిపోర్టును ఈ వారమే డాక్టర్‌కు చూపించడం మంచిది.