ఎదుర్కోలు, వీడ్కోలు

చుట్టరికం నిలవాలంటే రాకపోకలు ఉండాలని పెద్దలు చెబుతారు. ఎంత దగ్గరి బంధువైనా ఏళ్ళ తరబడి గడప తొక్కకపోతే పేరుకు మాత్రమే బంధువుగా మిగులుతాడు. ఈ సంగతి మనుషులకే గాక దేవతలకు సైతం వర్తిస్తుందని నమ్మే జనం మన దేశంలో ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ సీమలో ఏటా విజయదశమి వెళ్ళిన కొద్ది రోజులకు ‘కుటుంబ జాత్ర’ అనే రోజు వస్తుంది. పండుగకు జగదల్‌పూర్ పట్టణానికి చుట్టపుచూపుగా వచ్చిన గ్రామదేవతలకు ఆనాడు మర్యాదలు జరిపి సాగనంపుతారు. ‘కుటుంబం’ అన్న మాటకు ఇంతకంటె విశాలమైన అర్థం మరెక్కడా కనిపించదేమో!

బస్తర్ దసరాలో రావణ దహనం లేదు. రాముడి విజయంతో దానికి నిమిత్తం లేదు. అది అమ్మవారి పండుగ, అందునా డెబ్బది అయిదు రోజుల పండుగ. అక్కడివారు హరేలీ అమావాస్య అని పిలిచే రోజున, అనగా మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాడు, రథానికి తెచ్చిన కలపకు తొలి పూజ జరుగుతుంది. అధికమాసం వచ్చిన 2023లో పండుగ నూట ఏడు రోజులు సాగింది. ఇంత సుదీర్ఘమైన ఉత్సవం దేనికని పట్టణవాసికి సందేహం కలుగవచ్చు. పదిమంది చుట్టాలను పిలిచి పెళ్ళి చేసిన ఇల్లాలిని అడిగితే సమాధానం దొరుకుతుంది. పిలవడానికి కొన్నాళ్ళు, ఏర్పాట్లకు కొన్నాళ్ళు, పంపించడానికి కొన్నాళ్ళు పడుతుంది కదా!

ఈ పండుగలో ప్రతి పనికీ ఒక ఊరో, ఒక కులమో హక్కుదారు. రథం చేసే వడ్రంగులు, కమ్మరులు నిర్ణీతమైన గ్రామాల నుండి రావలసిందే. మిర్గాన్ కులపు బాలిక ఒకతె ముళ్ళ ఊయలపై పవళించి, కాఛిన్ దేవి పలుకుగా అనుమతి ఇస్తే తప్ప ఉత్సవం ముందుకు సాగదు. ఆమాబాల్ గ్రామానికి చెందిన హల్బా యువకుడు సిరహాసార్ భవనంలో తవ్విన గుంటలో తొమ్మిది రోజులు నిరాహారంగా కూర్చుని, పండుగ నిర్విఘ్నంగా జరగాలని తపస్సు చేస్తాడు. ఒకరి పని మరొకరు చేయరు. కనుక ఎవరినీ పిలవకుండా వదిలివేయడానికి వీలు లేదు. ఇంతకంటె గట్టి ఆహ్వానపత్రిక ఏముంటుంది?

అతిథులందరిలో పెద్ద అతిథి దంతెవాడ నుండి వస్తుంది. ఆశ్వయుజ పంచమి నాడు దంతేశ్వరీ దేవికి జగదల్‌పూర్ రాజవంశం తరఫున పిలుపు అందుతుంది. సుమారు 85 కిలోమీటర్ల దూరం దాటి అమ్మవారి పల్లకి, ఛత్రం నవమి రాత్రికి పట్టణం చేరతాయి. రాజవంశీకులు, పూజారులు, వేలాది ప్రజలు ఎదురేగి ఆహ్వానిస్తారు. ఈ ఘట్టం పేరు ‘మావలీ పర్ఘావ్’. పర్ఘావ్ అంటే తెలుగు పెళ్ళిళ్ళలో మనం చేసే ఎదుర్కోలే.

ఆ దేవతకు, తెలుగు నేలకు సంబంధం ఉన్నదని అక్కడి ఐతిహ్యం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించినట్లు రాజవంశ కథనం. దంతెవాడలోని 1703 నాటి శాసనంలోనూ ఈ వంశక్రమం కనిపిస్తుంది. అమ్మవారు అతని వెంట నడిచిందట. వెనుదిరిగి చూడరాదని నియమం పెట్టిందట. శంఖినీ, డంకినీ నదుల సంగమం వద్ద ఇసుకలో పాదాలు కూరుకుని అందెల సవ్వడి ఆగిపోగా, రాజు తిరిగి చూశాడు. దేవి అక్కడే నిలిచిపోయింది. కథను నమ్మినా నమ్మకపోయినా దాని అంతరార్థం స్పష్టం. పుట్టినచోటు వదిలినవాడు వెంట ఏదో ఒకటి తెచ్చుకుంటాడు. అది వస్తున్నదో లేదో అని మాటిమాటికీ వెనుకకు చూసుకుంటాడు.

దశమి రాత్రి ఒక చిత్రం జరుగుతుంది. ఎనిమిది చక్రాల మహారథాన్ని మాడియా గోండులు ‘దొంగిలించి’ పట్టణం వెలుపల ఉన్న కుమ్హడాకోట్‌కు లాగుకొని పోతారు. మరునాడు రాజవంశీకుడు స్వయంగా అక్కడికి వెళ్ళి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం ఆరగించి, రథాన్ని సగౌరవంగా మరలించి తెస్తాడు. అలిగిన బంధువును పిలిపించుకోవడం మర్యాద కాదు. అతని చోటికి మనమే వెళ్ళాలి, అతని విస్తట్లో తినాలి. సింహాసనం మీద కూర్చున్నవాడికి ఈ పాఠాన్ని ఏటా ఒకసారి నేర్పిన ప్రజలు సామాన్యులు కారు.

ఇక కుటుంబ జాత్ర. పల్లెల నుండి దేవతలు మనుషుల భుజాల మీద వస్తారు. కర్ర దూలాలతో కూర్చిన ‘ఆంగా’ దేవరలు, జెండాలు కట్టిన దండాలు, ఛత్రాలు, పల్లకీలు ఒకచోట చేరతాయి. గోండుల నమ్మకంలో కులదేవతలకూ అన్నదమ్ములు, వియ్యాలవారు ఉన్నారు. కనుక ఈ కలయిక వట్టి ప్రదర్శన కాదు. ఏడాదికొకసారి బంధువులు ఎదురుపడి క్షేమసమాచారాలు తెలుసుకోవడం. రథాలు లాగిన శ్రమ, రాత్రి పూజల హడావిడి ముగిసిపోయి, మోసి తెచ్చినవారికి కూడా కాస్త తీరిక చిక్కే రోజు ఇది. పూజలు, మొక్కుబళ్ళు ముగిశాక దేవతలకు కానుకలు సమర్పించి వీడ్కోలు పలుకుతారు. ఈ వీడ్కోలు కానుకకు అక్కడ వాడే మాట ‘రుసుం’. మన ఆడపడుచుకు పెట్టే సారె వంటిదే అది. ఆఖరున దంతేశ్వరి పల్లకి కూడా తన ఊరికి మరలుతుంది.

ఇదంతా రాజుల కాలపు వైభవమని కొట్టివేయడానికి లేదు. బస్తర్ సంస్థానం 1948లో భారతదేశంలో విలీనమయింది. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయనతోపాటు పలువురు ఆదివాసులు నేలకొరిగారు. అధికారం పోయింది, అధిపతి పోయాడు. అయినా పల్లకి రాక ఆగలేదు. 1876లో మురియాల తిరుగుబాటు అనంతరం మొదలైన ‘మురియా దర్బారు’ నేటికీ ఈ పండుగ చివరలో జరుగుతున్నది. పూర్వం రాజు విన్న ప్రజల మొరలను ఇప్పుడు మంత్రులు, అధికారులు వింటున్నారు. ఏలుబడి మీద ఆధారపడిన బంధమైతే ఏలుబడితోనే ముగిసి ఉండేది. పిలుపు మీద, రాక మీద ఆధారపడినది గనుక నిలిచింది.

2022 జులైలో ఈ రాకపోకలు మరొక దిక్కుకు మళ్ళాయి. వరంగల్లులో జరిగిన కాకతీయ వైభవ సప్తాహానికి బస్తర్ రాజవంశీకుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ అతిథిగా విచ్చేసి, భద్రకాళీ దేవిని దర్శించుకున్నారు. పూర్వీకులు విడిచారని చెప్పుకునే ఊరికి ఏడు వందల ఏళ్ళ తరువాత ఒక వారసుని రాక! తలుపు తీసే అన్నదమ్ములు లేరు, పూర్వులు నివసించిన ఇల్లు లేదు. అయినా ఓరుగల్లు ప్రజలు ఎదురేగి స్వాగతం పలికారు. ఊరు గుర్తుపెట్టుకుంటే చాలు, ఎన్ని తరాల తరువాత వచ్చినవాడైనా పరాయివాడు కాడు.

అయితే అదే బస్తర్ నుండి అదే తెలుగు నేలకు మరికొందరు వచ్చారు. వారికి ఎదుర్కోలు జరగలేదు. 2005లో మొదలైన సల్వాజుడుం హింసకు, మావోయిస్టుల ప్రతిహింసకు మధ్య చిక్కి దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాది ఆదివాసులు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవులలో తలదాచుకున్నారు. ఇక్కడివారు వారిని గుత్తికోయలన్నారు. ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆదివాసి యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని తీర్పు వెలువడినంత సులువుగా కాలిన ఇల్లు లేవదు. వలస వచ్చిన చోట సాగుచేసుకున్న భూమికి పట్టా, పిల్లలకు కుల ధ్రువపత్రం సంపాదించడం ఎందరికో గగనమయింది. ఇక్కడ వారు పొరుగు రాష్ట్రంవారు. అక్కడ ఊరు విడిచినవారు.

సెలవు దొరికితే సొంత ఊరికి వెళ్ళి, పెదనాన్న ఇంట భోంచేసి, మేనత్తను పలకరించి, సాయంత్రానికి తిరుగు బస్సు ఎక్కడం మనకు అతి సామాన్యమైన విషయం. పెట్టెలో కొత్తబట్టలు, సంచిలో పిండివంటలు ఉంటే అంతకుమించి ఆలోచించం. కాని ఆ ఒక్క రోజుకు ఎన్ని కలిసిరావాలి! ఊరు ఉండాలి. దారి నిర్భయంగా ఉండాలి. గడపలో నిలబడి ‘వచ్చారా’ అని అడిగే మనిషి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి కొరవడినా చుట్టపుచూపు ఒక కలగా మిగులుతుంది. దేవుడు ఊరు దాటి వెళ్ళాలన్నా మోసే నాలుగు భుజాలు కావాలి. ఆ భుజాలు మరొక రాష్ట్రపు మిరప చేలలో కూలికి వంగి ఉంటే ఆ దేవుడు ఎవరి వెంట కదలగలడు?

బస్తర్ పెద్దలు పండుగను కుటుంబ జాత్రతో ముగించడంలో గొప్ప లోకజ్ఞానం ఉన్నది. అతిథిని పిలవడం ఒక ఎత్తు, క్షేమంగా ఇల్లు చేర్చడం మరొక ఎత్తు. పల్లకి తిరిగి దంతెవాడ చేరినప్పుడే పండుగ పూర్తయినట్లు లెక్క. ఆ లెక్కన చూస్తే, అడవి దారులలో ఇల్లు విడిచి వచ్చిన ఆ కుటుంబాలు కోరుకున్న చోట గౌరవంగా స్థిరపడేదాకా, పుట్టిన ఊరికి నిర్భయంగా పోయి రాగలిగేదాకా, బస్తర్‌లో ఒక పండుగ ఇంకా పూర్తి కానట్లే.