నలభై నాలుగు దాటితే లెక్కలు మర్చిపోతారా?

నలభై ఐదేళ్ల మనిషి ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే కావచ్చు, మంత్రి కావచ్చు, ఏకంగా విద్యాశాఖనే ఏలవచ్చు. జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పడానికి మాత్రం పనికిరాడు. 2025 మెగా డీఎస్సీలో ఓసీ అభ్యర్థికి గరిష్ఠ వయసు 44. తెలంగాణ 2024 డీఎస్సీలో 46. రిజర్వేషన్ వర్గాలకు మరో ఐదేళ్ల సడలింపు. ఆంధ్రలో సారు రిటైరయ్యేది 62కి కదా, నలభై ఆరేళ్లవాడు ఇవాళ చేరినా పదహారేళ్ల సర్వీసు మిగిలుంటుంది. పదహారు టెన్త్ బ్యాచ్‌లను గట్టెక్కించగల మనిషిని గేటు దగ్గరే ఆపేసే ధీమా మన ప్రభుత్వాలకు ఎక్కణ్నుంచి వచ్చింది?

ధీమాగా ఉండాల్సిన రోజులేమీ కావివి. అసర్ 2024 విద్యా సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం మందికి కూడా మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం రావడం లేదు. ఇంకోవైపు, జీవితం మధ్యలో ఇంకో పని వెతుక్కుంటున్న చదువరులు మన ఊళ్లలో కొల్లలు. 2025 జులైలో ఒక్క టీసీఎస్సే పన్నెండు వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటామంది. అందులో ఎక్కువ మంది మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లేనంది. ఫార్మా కంపెనీల్లో ఇరవయ్యేళ్లు పనిచేసి విసిగిన కెమిస్టులున్నారు, పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ పనిలోకి రావాలనుకునే ఎమ్మెస్సీ చదివిన తల్లులున్నారు. వీళ్లందరూ గొప్ప టీచర్లవుతారని నేననను. కొందరవుతారు. ఆ కొందరెవరో తేల్చుకునే మార్గం మనకు లేదు, ఉండాలన్న ఆలోచనా లేదు.

నలభై ఏళ్ల ఇంజనీరుకు నిజంగానే బడికి పోవాలనిపించిందనుకోండి. ఏం చెయ్యాలి? ఎడ్‌సెట్ రాయాలి. జీతం వదులుకుని రెండేళ్ల బీఈడీ చదవాలి. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనలతో ఏడాది కోర్సు రెండేళ్లయింది. తర్వాత టెట్. తర్వాత డీఎస్సీ. ఆ డీఎస్సీ ఎప్పుడొస్తుంది? ఆంధ్రలో 2018 తర్వాత పెద్ద డీఎస్సీ మళ్లీ జరిగింది 2025లో. తెలంగాణలో 2017 తర్వాత 2024లో. ఏడేళ్లకోసారి జరిగే డీఎస్సీని నమ్ముకుని ఇంటి ఈఎంఐలు, పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందుల ఖర్చు ఉన్నవాడు ఉద్యోగం మానతాడా? ఒకవేళ మానినా, నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. రెండేళ్ల బీఈడీ, ఏడేళ్ల నిరీక్షణ, ఆపై నలభై నాలుగు గీత. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి కూడిన అధికారి ఒక్కడైనా ఉన్నాడా?

నా అభియోగం ఇదే. మన ఉపాధ్యాయ నియామకం పాఠం చెప్పగలిగేవాళ్లను వెతకడం మానేసి చాలా కాలమైంది. ఎదురుచూడగలిగేవాళ్లను ఎంచుకుంటోంది. కోచింగ్ కోసం అవనిగడ్డలోనో అశోక్‌నగర్‌లోనో గదులు అద్దెకు తీసుకుని, బిట్లు బట్టీ పట్టి, ఇంటిమీద ఆధారపడి ఏళ్లు గడపగలిగినవాడే చివరికి నిలుస్తాడు. రాత పరీక్షకు ఎనభై మార్కులు, టెట్ వెయిటేజీ ఇరవై. అంతే. అభ్యర్థి సుద్దముక్క పట్టుకుని ఒక్క పిరియడ్ పాఠం చెప్పగా చూసేవాళ్లెవరూ లేరు. డ్రైవింగ్ లైసెన్సుకైనా బండి నడిపి చూపించమంటారు. ముప్ఫై ఏళ్లపాటు పిల్లల్ని అప్పగించే ఉద్యోగానికి ఆ పాటి పరీక్ష కూడా లేదు.

ఇక బీఈడీ. అది వృత్తికి ప్రాణం పోసే శిక్షణైతే రెండేళ్లేంటి, మూడేళ్లయినా చదవమనేవాణ్ని. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే సంగతి తేల్చింది. దాన్ని ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యావిధానమే ఒప్పుకుంది: దేశంలో విడిగా నడిచే పదివేలకు పైగా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో అధిక భాగం శిక్షణ ఊసే లేకుండా డబ్బుకు డిగ్రీలు అమ్ముతున్నాయని. ఇది ప్రతిపక్షం ఆరోపణ కాదు, కేంద్ర ప్రభుత్వ విధాన పత్రం. హాజరుపట్టీలో సంతకాలుండి తరగతి గదిలో మనుషులు లేని కాలేజీల సంగతి మన దగ్గరా ఎవరికీ కొత్త కాదు. ఆ డిగ్రీ కొనుక్కోవడానికి సిగ్గుపడే మనిషికి దారి మూసి, కొన్నవాడికి తెరిచిపెట్టడాన్ని నాణ్యత కాపాడటమంటున్నాం.

అదే దేశం, అదే విద్యాశాఖ, విశ్వవిద్యాలయాల దగ్గరికొచ్చేసరికి ఎంత ఉదారంగా ఉందో చూడండి. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే హోదా తెచ్చింది. పదిహేనేళ్ల వృత్తి అనుభవం ఉంటే చాలు, పీహెచ్‌డీ లేకపోయినా ప్రొఫెసర్ కుర్చీ ఇవ్వొచ్చంది. మంజూరైన పోస్టుల సంఖ్యలో పది శాతం దాకా, ఆ పోస్టులకు అదనంగా, ఇలా తీసుకోవచ్చంది. బడి దగ్గరికొస్తే ఈ అనుభవజ్ఞుడికే విద్యాంజలి పోర్టల్ చూపిస్తారు. వాలంటీరుగా పేరు రాసుకో, శనివారం వచ్చి రోబో ఆడించు, ఫొటో దిగి వెళ్లు. ఎంబీఏ విద్యార్థికి అనుభవం అవసరమైంది, ఏడో తరగతి పిల్లాడికి అతిథి సరిపోయాడు.

కోచింగ్ పరిశ్రమకు ఈ చాదస్తమేమీ లేదు. ఐఐటీ పట్టా పట్టుకుని సాఫ్ట్‌వేర్ వదిలి వచ్చినవాళ్లను జేఈఈ ఫిజిక్స్ చెప్పమని లక్షల జీతాలిచ్చి ఎగరేసుకుపోతోంది. అక్కడ బీఈడీ అడగరు, వయసు అడగరు. అంటే ఉద్యోగం మధ్యలో మానేసి బోధనలోకి వచ్చేవాళ్లు మన రాష్ట్రాల్లో ఎప్పుడో వచ్చేశారు. ఫీజు కట్టగలిగినవాడి పిల్లల దగ్గరికి వచ్చారు. కట్టలేనివాడి పిల్లల దగ్గరికి రాకుండా సర్కారు కాపలా కాస్తోంది.

ఇంత చెప్పానని సాఫ్ట్‌వేర్ సోదరులు మురిసిపోనక్కర్లేదు. మీకూ రెండు మాటలున్నాయి. లెక్కలు రావడం వేరు, రానివాడికి లెక్కలు వచ్చేలా చెయ్యడం వేరు. 0.45, 0.5లో ఏది పెద్దదంటే 0.45 అంటాడు పిల్లాడు, నలభై ఐదు ఐదుకన్నా పెద్దది కాబట్టి. సగానికి మూడో వంతు కలిపితే ఐదింట రెండు అంటాడు, పైవి పైకి, కిందవి కిందకి కూడి. బల్బు కరెంటును ‘తినేస్తుంది’ కాబట్టి రెండో బల్బుకు తక్కువ వెళ్తుందంటాడు. ఆ తప్పుల్లో ఒక తర్కం ఉంది. దాన్ని పట్టుకోవడమే టీచరు విద్య. సబ్జెక్టు జ్ఞానానికీ బోధనా పద్ధతికీ మధ్యనున్న ఈ ప్రత్యేక జ్ఞానం గురించి అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే రాశాడు. జావా రాసినంత మాత్రాన అది రాదు, జట్టును నడిపినంత మాత్రాన అస్సలు రాదు. మీ జట్టులో ఎవరూ వెనకబెంచీలో నిద్రపోలేదు, పొద్దున తినకుండా రాలేదు. ‘పిల్లలకు కాస్త తిరిగి ఇద్దామని’ వచ్చేవాళ్లూ, ఏడాది విరామం కోసం వచ్చేవాళ్లూ దయచేసి ట్రెక్కింగ్‌కు వెళ్లండి.

అందుకే శిక్షణ ఎత్తెయ్యమని నేనడగడం లేదు. నిజమైన శిక్షణ ఇవ్వమంటున్నాను. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ కాలమిస్టు లూసీ కెల్లవే 2016లో ‘నౌ టీచ్’ అనే సంస్థను మరొకరితో కలిసి పెట్టి, మరుసటి ఏడాది తానే లండన్ హాక్నీలోని బడిలో లెక్కల టీచరుగా శిక్షణకు చేరింది. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. 2024లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమానికి నిధులు కొనసాగించబోమని చెప్పి తన కురచబుద్ధిని చాటుకుంది. అయినా దారి మూసుకుపోలేదు. డిగ్రీ ఉన్నవాడికి అక్కడ ఏడాది శిక్షణ, అందులో ఎక్కువ భాగం బడిలోనే. 2025–26లో లెక్కలు, ఫిజిక్స్‌లో శిక్షణ పొందేవాళ్లకు 29,000 పౌండ్ల దాకా బర్సరీ. మన దగ్గర శిక్షణ పొందేవాడే కాలేజీకి ఎదురు కడతాడు.

‘లక్షల మంది బీఈడీ నిరుద్యోగులు రోడ్డుమీదుంటే జీతం రుచి చూసినవాళ్లకు పోస్టులిస్తారా?’ అని అడుగుతారు. న్యాయమైన కోపమే. కానీ ఆ కోపం వెళ్లాల్సింది ఏడేళ్లు డీఎస్సీ జరపని ప్రభుత్వం మీదకు, నలభై ఐదేళ్లవాడి మీదకు కాదు. కోటా ఎవరూ అడగడం లేదు. అవే పోస్టులు, అదే పరీక్ష, అదే తరగతి గది. ఏటా నియామకం జరిగితే ముందు బాగుపడేది అవనిగడ్డ గదుల్లో వయసు కరగదీసుకుంటున్న కుర్రాళ్లే. పాఠం చెప్పి చూపించమంటే భయపడాల్సింది చెప్పలేనివాడు, అతని వయసు ఇరవై ఐదైనా యాభై అయినా.

చెయ్యాల్సింది నాలుగు పనులు. ఖాళీలెన్నుంటే అన్నిటికి ఏటా డీఎస్సీ. లెక్కలు, ఫిజికల్ సైన్స్, బయాలజీ పట్టభద్రులకు మంచి సీనియర్ సారు చేతికింద, జడ్పీ బడిలోనే, బతకడానికి సరిపడే స్టైపెండుతో ఏడాది శిక్షణ. ఎంపికలో రాత పరీక్షతో పాటు నిజమైన పిల్లల ముందు నిజమైన పాఠం. స్టైపెండు తీసుకున్నందుకు ప్రభుత్వ బడిలో ఐదేళ్లు పనిచేస్తానన్న బాండు. ఏడాది బీఈడీ కోర్సు గురించి 2020 జాతీయ విద్యావిధానం, 2025లో వచ్చిన ఎన్‌సీటీఈ ముసాయిదా మాట్లాడుతున్నాయి కాబట్టి ఢిల్లీ అడ్డమన్న సాకు కూడా ఎంతో కాలం చెల్లదు.

ఇవన్నీ కుదిరేలోపు వయసు గీత మాత్రం రేపే చెరపొచ్చు. తెలంగాణ 44ను 46 చేసింది, ఆంధ్ర 42ను 44 చేసింది, ఏ శాస్త్రీయ పరిశోధనా చేసి కాదు, తలా ఒక జీవోతో. ఎన్నికల ముందో తర్వాతో రెండేళ్లు జరిపే గీతను రిటైర్మెంటుకు పదేళ్ల ముందుదాకా జరపడానికి అడ్డేమిటి? దానికి శిక్షణ అక్కర్లేదు, టెట్ అక్కర్లేదు, పాతికేళ్ల అనుభవమూ అక్కర్లేదు. అరవై రెండులోంచి నలభై నాలుగు తీసేస్తే ఎంతో తెలిస్తే చాలు.